రాబందుల లెక్క

ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక వైపు నడుస్తూ తలెత్తితే నాకు కనబడేవి గద్దలే. రాబందు అన్న మాట మాత్రం పేపర్లలో తిట్టుగా మిగిలింది.

తార్నాకలోని ఐఐసీటీ మందుల తయారీ పద్ధతులు కనిపెట్టే చోటు. రాబందుల చరిత్ర కూడా ఒక మందు కథే.

రాజస్థాన్‌లోని కేవలాదేవ్ పార్కులో 1987-88లో విభు ప్రకాశ్ లెక్కకు 353 తెల్లవీపు రాబందుల జంటలు తేలాయి. పదేళ్ళు తిరక్కుండానే 150 మిగిలాయి. కారణం 2004లో దొరికింది: పశువులకిచ్చే నొప్పిమందు డైక్లోఫెనాక్. ఆ కళేబరాలు తిన్న పక్షుల మూత్రపిండాలు పాడయ్యేవి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మొదటి లెక్కే లేకుంటే రెండోదానికి అర్థముండేది కాదు.

2013లో బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు కనబడ్డాయి. అటవీశాఖ కాపలా పెట్టింది, లెక్కపెట్టింది. ఆ అంకెలే నా దృష్టిలో మన రాబందుల చరిత్ర.