మూడా నదీతీరమున సుంగై పెటాని

బటర్‌వర్త్ రేవునుండి ఉత్తరముగా రైలుమార్గమున గాని రాజమార్గమున గాని పయనించు బాటసారి, సుమారు 35 కిలోమీటర్ల దూరమున నున్న సుంగై పెటాని పట్టణమును చేరుటకు ముందు, మట్టిరంగు నీటితో పడమటి కడలివైపు మెల్లగా సాగిపోవు నొక నదిని దాటవలసియుండును. ఆ నదిపేరు మూడా. నేడది మలేషియాదేశమున దక్షిణమందలి పెనాంగ్ రాష్ట్రమునకును ఉత్తరమందలి కెడా రాష్ట్రమునకును పొలిమేర మాత్రమే. వంతెనమీద వాహనమాపువారు లేరు, పత్రములడుగువారు లేరు. కాని 1800 మొదలు 1909 వరకు ఈ నీటిచాలు ఒకప్రక్క ఆంగ్లేయుల అధికారమునకును, మరొకప్రక్క సయాము (నేటి థాయిలాండు) రాజునకు లోబడి కాలము గడపిన కెడా సుల్తానుల రాజ్యమునకును నడుమ ఎల్లయై నిలిచెను. సుంగై పెటాని పుట్టుపూర్వోత్తరములు విచారింపబూనిన వాడెవ్వడును ఈ యెల్లకథను విడిచి ఊరికథ చెప్పజాలడు. ఏలయన ఊరు ఊరనిపించుకొనుటకు మునుపే ఎల్ల ఏర్పడినది, ఆ యెల్లకు చేరువనుండుటచేతనే ఊరు పెరిగినది.

పట్టణము భూమధ్యరేఖకు ఐదున్నర డిగ్రీలకు కొంచెము పైన, కెడా రాష్ట్రము దక్షిణభాగమున, కౌలా మూడా జిల్లాలో నున్నది. దక్షిణమున మూడానది, పడమట మడచెట్ల అడవులతో నిండిన మెర్బోక్ నదీముఖము, వాయవ్యమున 1,217 మీటర్ల ఎత్తున జెరాయి పర్వతము. ఊరికి పేరిచ్చిన పెటాని వాగు నగరమధ్యమున ప్రవహించి మెర్బోక్‌లో కలియును. చుట్టును పల్లపు తీరభూమియే యగుటచే జెరాయి శిఖరము సముద్రగర్భమునుండి లేచినట్లే దూరమునకు గానవచ్చును. బంగాళాఖాతమును దాటివచ్చిన ప్రాచీన నావికునకు ఈ తీరమున మొట్టమొదటి గురుతు అదియే.

ఊరు క్రొత్తదే గాని ఊరున్న నేల మిక్కిలి ప్రాతది. జెరాయి పాదమున బుజాంగ్ లోయ యనుచోట, ఇటుకతోను రాతితోను గట్టిన హిందూ బౌద్ధ దేవాయతనముల పునాదులు పెక్కు బయల్పడినవి. 1930-40 నడుమ క్వారిచ్ వేల్స్ దంపతులు వీనిని త్రవ్వి ప్రకటించిరి. వానిలో బుకిట్ బాతు పహాట్ ఆలయము 1960 ప్రాంతమున పునర్నిర్మింపబడినది. 1834లో జేమ్స్ లో అను ఆంగ్లేయ సైనికాధికారికి మూడాకు దక్షిణమందలి భూమిలో ఒక శిలాఫలకము దొరకెను. రక్తమృత్తికా నివాసియగు బుద్ధగుప్తుడను మహానావికుడు తన యాత్ర సిద్ధించుటకై చెక్కించిన ఆ శాసనము ఐదవ శతాబ్దిదని లిపిని బట్టి పండితులు నిర్ణయించిరి. ఫలకమిపుడు కలకత్తా మ్యూజియములో నున్నది. నదికి ఆవలనొక రాజ్యము, ఈవలనొక రాజ్యము అను భేదమా నావికు డెరుగడు. అతనికి రెండు గట్లును ఒకటే రేవు.

తెలుగు చదువరులిచట ఒక్క క్షణమాగుట న్యాయము. రాజేంద్రచోళుడు 1025 ప్రాంతమున నౌకాబలమును పంపి జయించితినని తంజావూరు శాసనమున చాటుకొన్న కడారము ఈ కెడాయేనని చరిత్రకారులలో ఎక్కువమంది అంగీకరింతురు. ఆ రాజేంద్రుని కూతురు అమ్మంగదేవి రాజమహేంద్రవరమేలిన రాజరాజనరేంద్రుని రాణి. నన్నయభట్టును భారతాంధ్రీకరణమునకు నియోగించిన నరేంద్రుడితడే. వీరి కుమారుడు చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడై, కడారరాజు దూతల విన్నపము నాలించి, 1090లో నాగపట్టణమందలి బౌద్ధవిహారముల గ్రామములకు పన్నులు తొలగించెను. ఆదికవిని పోషించిన యింటివారికి ఈ తీరము వింతదేశము కాదన్నమాట. మన సాహిత్యచరిత్రలు వ్రాయువారు వేంగివరకు వచ్చి ఆగిపోవుదురు గాని, సముద్రము నావలిగట్టును చూడరు.

ఇక ఎల్ల పుట్టుక. దానికి మూలము పరాసువారి (ఫ్రెంచివారి) భయమనుట కొంత చిత్రముగా తోపవచ్చును. 1782లో పరాసు నౌకాధిపతి సుఫ్రేన్ వర్షకాలపు గాలులను తప్పించుకొనుటకై తన నౌకలను సుమత్రాదీవి కొనయగు ఆచే రేవున నిలిపి, గాలి మారినంతనే మరల కోరమాండల్ తీరమున యుద్ధమునకు వచ్చెను. ఆంగ్లేయులకో, బంగాళాఖాతమునకు తూర్పుగట్టున నౌకలు నిలుపుకొనుటకు తగిన రేవే లేకుండెను. ఆ కొరత తీర్చుటకు ఫ్రాన్సిస్ లైట్ అను వర్తకుడు కెడా సుల్తానును మాటలతో నమ్మించి 1786 ఆగస్టులో పెనాంగ్ దీవిని ఈస్టిండియా కంపెనీపరము చేసెను. సయామునుండి తనను రక్షింతురని సుల్తాను తలచెను. రక్షణభారము వహింతుమని కంపెనీ సంతకము చేయలేదు. మోసము తెలిసికొన్న సుల్తాను 1791లో దీవిని తిరిగి కైకొన యత్నించి ఓడిపోయి, ఏటేట 6,000 స్పానిష్ డాలర్ల భరణమునకు ఒప్పుకొనెను. 1800లో దీవికెదురుగా నున్న ప్రధానభూమి పట్టీ యొకటి కూడ కంపెనీకి పోయెను. భరణము 10,000 డాలర్లాయెను. ఆ పట్టీకి వెల్లస్లీ పరగణా యను పేరును, ఉత్తరపుహద్దుగా మూడానదియు ఏర్పడినవి. భరణము నేటికిని పోలేదు: పెనాంగ్ నిమిత్తము మలేషియా కేంద్రప్రభుత్వము కెడాకు ఏటేట 10,000 రింగిట్లు ఇటీవలి కాలము వరకు చెల్లించుచునే వచ్చినది.

పరాసువారి మాట వచ్చినది గనుక మన యానామును తలపునకు దెచ్చుకొనుట తప్పుకాదు. గోదావరీముఖమున 30 చదరపు కిలోమీటర్ల యా నేల 1954 వరకు పరాసుల చేతిలో నుండి, చుట్టునున్న భూమి ఆంగ్లేయులది యగుటచే, పొలిమేర దాటినంతనే చట్టము మారునట్టి ఊరయ్యెను. కాని మాటయు, మనుష్యులును గట్టున కీవల నెట్లో ఆవలను అట్లే. మూడానదికి రెండుగట్లను గూడ అదే మలయా జనము. పాలకులు గీచిన గీతను ప్రజలు తమ అక్కరకొలది వాడుకొందురు. 1821లో సయాము సేనలు కెడామీద పడి సుల్తాను అహమ్మద్ తాజుద్దీనును వెడలగొట్టినపుడు, వేలకొలది జనము ప్రాణములరచేత బట్టుకొని మూడాను దాటి ఆంగ్లేయ భూమిలో జొచ్చిరి. వెల్లస్లీ పరగణాలోని పైరుపొలములనేకము ఆ శరణార్థులు అడవి కొట్టి సాగుచేసినవే. సుల్తాను 1842లో గాని తిరిగి గద్దె నెక్కలేదు. 1869లో ఆంగ్లేయ సయాము ప్రభువులు కూర్చుండి హద్దును మరల సరిచూచుకొనిరి; 1909లో బ్యాంకాక్ సంధివలన కెడా రాజ్యమే ఆంగ్లేయుల పలుకుబడి క్రిందికి వచ్చుటతో, మూడానది అంతర్రాజ్యపు ఎల్లయను పదవిని కోల్పోయెను.

ఊరికి అదియే అదృష్టమైనది. పెనాంగ్ మూలధనము అంతకు ముందే నదిని దాటి కర్రపెండలము మొదలగు తోటలు వేయుచుండెను. 1909 సంధికి వెనుకనే రబ్బరు పెద్దయెత్తున వచ్చెను. రబ్బరు ధర ఆకాశమంటిన 1910 ప్రాంతమునుండి దక్షిణ కెడాలో అడవులు చూచుచుండగనే తోటలుగా మారెను. బటర్‌వర్త్ చెంతనున్న ప్రాయినుండి కెడా రాజధాని అలోర్ సెటార్ వరకు 1915లో రైలు నడిచినది. 1918లో అది సయాము హద్దున పడాంగ్ బెసార్ చేరినది. తోటలకు నడుమ, రైలుదారిమీద, పెనాంగ్ రేవునకు గడియల దూరమున నున్న చోట అంగడులు పుట్టకేమి చేయును? నదీముఖమున కోట కౌలా మూడా ప్రాతయూరు వెనుకబడిపోయి, సుంగై పెటాని ముందుకు వచ్చెను. జార్జి చక్రవర్తి రజతోత్సవమునకు గురుతుగా లిమ్ లీన్ టెంగ్ అను చీనా శ్రేష్ఠి 1936లో కట్టించియిచ్చిన గడియారస్తంభము నేటికిని పెద్దవీధి నడుమ నిలిచియున్నది. పరచక్రవర్తి ఉత్సవమునకు చీనావాడు, మలయా సుల్తాను నేలమీద, భారతీయుల చెమటతో పెరిగిన ఊరిలో కట్టించిన స్తంభము. ఊరి చరిత్రయంతయు అందే యిమిడియున్నది.

ఆ చెమటలో తెలుగువారి పాలును కలదు. తోటల మేస్త్రీలగు కంగాణీలు ఊరికిపోయి బంధువులను, ఇరుగుపొరుగువారిని కూడగట్టి తెచ్చు పద్ధతిని మలయా తోటలకు దక్షిణభారతజనము వలసపోయెను. అందు తమిళు లధికసంఖ్యాకులు. తెలుగువారు ముఖ్యముగా నాటి విశాఖపట్టణము జిల్లానుండియు, చిత్తూరు ప్రాంతమునుండియు వచ్చిరి. వలస ఖర్చుకై 1907లో తోటల యజమానులవద్ద వసూలుచేసి ఏర్పరచిన నిధికి తమిళ వలసనిధి యని పేరుపెట్టిరి. తెలుగు కూలీ కూడ కాగితముమీద తమిళుడుగనే ఓడ యెక్కెను. తెల్లవారకముందే లేచి చెట్టుచెట్టుకును గాటుపెట్టి పాలుపట్టుట, మధ్యాహ్నమునకు డబ్బాలతో కొట్టమునకు చేర్చుట, లైనుగదిలో పండుకొనుట – జీవితము దొర, కిరాణి (గుమాస్తా), కంగాణి అను మువ్వురి నోటిమాటమీద నడచెను. 1938లో భారతప్రభుత్వము ఈ కూలివలసను ఆపివేసినది. బడులలో తమిళమే ఎక్కువగా నుండుటచే పిల్లలనేకులు తల్లిభాషలో అక్షరము నేర్వలేదు. రామభజనలు మాత్రము మందిరములలో నిలిచినవి. రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూరున జరుగుట ఆంధ్రదేశమునకు వింతగా నుండెను గాని, తోటలలోని ముసలివారి కది తమ హక్కుగనే తోచియుండును.

రెండవ ప్రపంచయుద్ధము ఎల్లను మరల లేపినది. 1941 డిసెంబరు 8వ తేదీ ఉదయమున జపానీ విమానములు సుంగై పెటాని విమానాశ్రయముపై బాంబులు కురిపించి, అందున్న ఆస్ట్రేలియా, ఆంగ్ల విమానదళములను చెల్లాచెదరు చేసెను. ఉత్తరమందలి జిత్రా, గురున్ పోరాటములలో ఓడి ఆంగ్లసేన వారము గడచునప్పటికి మూడాకు దక్షిణమునకు వెనుదిరిగెను. 1943లో జపానువారు కెడాను సయామునకు బహుమతిగా నిచ్చుటతో, నదికి ఆవల జపాను, ఈవల సయాము! 1909లో మాసిన గీత మూడేండ్లు నిండకుండ, 1945 వరకు మరల వెలిసియుండెను. ఆ యేండ్లలోనే తోటలనుండి తమిళ తెలుగు కూలీలను వేలకు వేలు సయాము బర్మా రైలుదారి పనికి తరలించిరి. తిరిగి రానివారి లెక్క నికరముగా వ్రాసిన పుస్తకము లేదు.

ఇప్పుడు సుంగై పెటాని కెడాలో నెల్ల పెద్దపట్టణము. కౌలా మూడా జిల్లా జనసంఖ్య 5 లక్షలు దాటినది. రబ్బరుతోటలు ముక్కలై ఇండ్లస్థలములును కర్మాగారములును అయినవి. బెడోంగ్ దగ్గర 2001లో భారతీయసంతతివారి పూనికతో ఎయిమ్‌స్ట్ విశ్వవిద్యాలయము వెలిసినది. విద్యుద్రైలు 2015 ప్రాంతమునుండి బటర్‌వర్త్ వరకు నడచుచున్నది. ఎల్లతగవు మాత్రము నీటిరూపమున మిగిలినది. మూడా నీటిలో కొంతభాగమును 1970 ప్రాంతమున ఆనకట్టలు గట్టి ఉత్తరపు వరిపొలములకు మళ్ళించిరి. క్రిందనున్న పెనాంగ్‌కో తాగునీటిలో అధికభాగ మీ నదియే. అడవి మాది, నీటికి ధర యిమ్మని కెడా అడుగును. నది ఉభయులదని పెనాంగ్ బదులుచెప్పును. కృష్ణాజలముల వాదములు చదివిన వారికి ఇందు తెలియని వాదమొక్కటియు నుండదు.

ప్రాతనేల విషయమున మాత్రము ఇరుపక్షములకును తొందర లేదు. సుంగై బాతులో 2009నుండి పరిశోధకులు ఇనుము కరగించిన కొలుములను త్రవ్వితీయుచు, అవి క్రీస్తు పూర్వపువని వాదించుచున్నారు. కాలనిర్ణయముమీద వివాదము తీరలేదు. అచటికి దూరము కానిచోట ప్రాచీనాలయమొకటి, పదునొకండవ సంఖ్య గలది, ప్రైవేటు భూమిలో నుండుటచే 2013లో ఇండ్ల నిర్మాణమునకై పడగొట్టబడినది. పెనాంగ్ చూడబోవు తెలుగువారు ప్రతియేట వేలకొలది యున్నారు. వారిలో నెవరికైన ఒక పూట తీరికయున్నచో, మూడా వంతెన దాటి మెర్బోక్‌లోని బుజాంగ్ లోయ మ్యూజియమునకు పోవుడని మనవి.