అరబిక్ చదివి ఏం చేస్తారు?

మొన్నామధ్య మాకు తెలిసినవాళ్ళ అమ్మాయికి బ్రిటన్‌లో ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది. అరబిక్, అంతర్జాతీయ సంబంధాలు, రెండూ కలిపి ఒకే డిగ్రీ. "కంప్యూటర్ సైన్సు వదిలేసి అరబిక్కా? దుబాయ్‌లో కొట్టు పెడుతుందా ఏంటి?" అని చుట్టాలు ఒకటే జోకులు. నిజానికి ఈ రెండు చదువులూ ఒకచోటికి చేరడం వెనక పెద్ద చరిత్రే ఉంది. అందులో మనకి పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది.

మొదట్లో ఈ రెండింటికీ అసలు పరిచయమే లేదు. కేంబ్రిడ్జిలో అరబిక్ పీఠం పెట్టింది 1632లో, ఆక్స్‌ఫర్డ్‌లో 1636లో. బైబిల్ పాఠాలు సరిచూసుకోవడం, పాత వైద్య, గణిత గ్రంథాలు చదవడం, తూర్పు దేశాలతో వ్యాపారం... ఇవీ అప్పటి అవసరాలు. అంతర్జాతీయ రాజకీయాలకి మొట్టమొదటి పీఠం వచ్చింది మాత్రం 1919లో, వేల్స్‌లోని అబరిస్ట్‌విత్‌లో. మొదటి ప్రపంచ యుద్ధం చూశాక, మళ్ళీ ఇలాంటిది జరక్కూడదనే ఆలోచనతో పుట్టిన చదువు అది. అంటే రెండింటికీ వయసులో దాదాపు మూడొందల ఏళ్ళ తేడా.

రెండూ వేర్వేరు గదుల్లో ఉంటే ఏమవుతుందో ఆ యుద్ధకాలంలోనే తేలింది.

1915 అక్టోబరు 24న ఈజిప్టులో బ్రిటిష్ హైకమిషనర్ మక్‌మహన్, మక్కా షరీఫ్ హుసేన్‌కి ఒక ఉత్తరం పంపాడు. తురుష్కుల మీద తిరగబడితే అరబ్బుల స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం అనేది సారాంశం. అయితే కొన్ని ప్రాంతాలు మినహాయింపు. డమాస్కస్, హోమ్స్, హమా, అలెప్పో "డిస్ట్రిక్టు"లకి పడమరనున్న సిరియా భాగం ఆ మినహాయింపుల్లో ఒకటి. కైరోలో దీన్ని అరబిక్‌లోకి మార్చినప్పుడు "డిస్ట్రిక్ట్" అన్నచోట "విలాయత్" అని పడింది.

ఈ మాట మనకి కొత్తేం కాదు. "విలాయతీ సరుకు" అంటామే, అందులో ఉన్నది ఇదే. మామూలు అరబిక్‌లో దీనికి ఒక ఇలాకా, ఏలుబడిలోని ప్రాంతం అని అర్థం చెప్పుకోవచ్చు. ఆటోమన్ సర్కారు కాగితాల్లో మాత్రం విలాయత్ అంటే ఒక పెద్ద రాష్ట్రం. ఇప్పుడు చూడండి తమాషా. ఊరూ దాని చుట్టుపక్కలా అనుకుంటే, ఆ నాలుగు ఊళ్ళకీ పడమర ఉన్నది లెబనాన్, సిరియా కోస్తా. పాలస్తీనా ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి మినహాయింపులోకి రాదు, అరబ్బులకిచ్చిన మాటలోనే ఉంటుంది. రాష్ట్రం అనుకుంటే, డమాస్కస్ రాజధానిగా ఉన్న సిరియా విలాయత్ దక్షిణాన అకాబా దాకా సాగుతుంది. దానికి పడమర ఉన్నది పాలస్తీనా. అప్పుడది మినహాయింపు కిందకి వస్తుంది.

1922లో చర్చిల్ శ్వేతపత్రం ఈ రెండో అర్థాన్నే పట్టుకుంది. కానీ హోమ్స్, హమా అసలు విలాయత్‌లే కావు. అలెప్పో విలాయత్ ఏకంగా సముద్రం దాకా ఉంది, దానికి పడమర మిగిలేది నీళ్ళే. అయినా వాదన ఏళ్ళ తరబడి నడిచింది. బ్రిటన్ ఆ ఉత్తరాల్ని అధికారికంగా అచ్చువేసిందే 1939లో. అంతకు ముందు ఏడాదే జార్జ్ ఆంటోనియస్ తన పుస్తకంలో అరబిక్ నుంచి వాటిని అనువదించి బయటపెట్టాడు. 1939లో రెండు పక్షాలూ కూర్చుని పరిశీలించాక, అరబ్బుల వాదనలో ఇదివరకు అనుకున్నదానికన్నా బలం ఉందని బ్రిటిష్ వాళ్ళే ఒప్పుకున్నారు. తమ అర్థాన్ని మాత్రం వదులుకోలేదు.

స్పెక్‌లో ఒక్క మాట రెండు రకాలుగా ఉంటే ప్రొడక్షన్‌లో ఏమవుతుందో మనకి బాగా తెలుసు. ఇక్కడ ప్రొడక్షన్ అంటే పాలస్తీనా.

ఇంత జరిగినా అలాంటిదే మళ్ళీ జరిగింది. 1967 నవంబరులో వచ్చిన భద్రతామండలి 242వ తీర్మానం ఇంగ్లీషు పాఠంలో ఇజ్రాయెల్ ఆక్రమిత భూభాగాల నుంచి వైదొలగాలని ఉంది. అన్నిటి నుంచా, కొన్నిటి నుంచా అనేది తేల్చలేదు. ఫ్రెంచి పాఠంలో ఉన్న ఒక చిన్న ఆర్టికల్ వల్ల "ఆ భూభాగాలన్నీ" అనే అర్థం వస్తుంది. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. అప్పటికి అరబిక్ ఐక్యరాజ్య సమితి అధికార భాష కూడా కాదు, 1973 డిసెంబరులో గానీ ఆ హోదా రాలేదు.

ప్రభుత్వాలు మేలుకోలేదా అంటే, దెబ్బ తగిలినప్పుడల్లా మేలుకున్నాయి. బ్రిటన్ 1944లో జెరూసలేంలో ఒక అరబ్ అధ్యయన కేంద్రం పెట్టింది. 1947లో దాన్ని లెబనాన్‌లోని షెమ్లాన్ అనే కొండ పల్లెకి మార్చారు. దౌత్యవేత్తలకి భాషా రాజకీయాలూ కలిపి నేర్పిన చోటు అది. జనం మాత్రం గూఢచారుల బడి అన్నారు. సోవియట్లకి పనిచేసిన జార్జ్ బ్లేక్ 1961లో దొరికిపోయేనాటికి అక్కడే విద్యార్థి, కాబట్టి ఆ పేరు ఊరికే రాలేదు :) లెబనాన్ అంతర్యుద్ధంతో 1978లో అది మూతపడింది.

అమెరికాకి కదలిక తెచ్చింది 1957 నాటి స్పుత్నిక్. మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, యూనివర్సిటీల్లో భాషా, ప్రాంతీయ అధ్యయన కేంద్రాలకి డబ్బిచ్చారు. ముందుగా ఎంచుకున్న ఆరు భాషల్లో అరబిక్ ఉంది, మన హిందీ-ఉర్దూ కూడా ఉంది. ఆ ఊపు కొన్నాళ్ళకి చల్లారింది. సెప్టెంబరు 11 దాడుల మీద వేసిన కమిషన్ తన నివేదికలో ఒక లెక్క చెప్పింది: 2002లో అమెరికా మొత్తం మీద అరబిక్‌లో బ్యాచిలర్ డిగ్రీ పొందినవాళ్ళు ఆరుగురు. ఆరు వేలు కాదు, ఆరుగురే. ఆ ఏడాది దాదాపు 10,500 ఉన్న అరబిక్ విద్యార్థుల సంఖ్య 2009కి 35 వేలు అయింది. 2021కి మళ్ళీ 23 వేల లోపుకి జారింది.

అరబిక్ అలా అవసరం పడ్డప్పుడు గబగబా నేర్చుకునే భాష కాదు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి పెట్టుకున్న లెక్క 2,200 తరగతి గంటలు. స్పానిష్‌కి ఇందులో మూడోవంతు చాలు. పైగా పుస్తకాల్లో, టీవీ వార్తల్లో ఉండే "ఫుస్‌హా" వేరు, వీధిలో మాట్లాడే భాష వేరు. కైరో వీధిభాష వచ్చినంత మాత్రాన మొరాకోలో అర్థం కాదు. గిడుగు రామమూర్తి గెలవని తెలుగుదేశాన్ని ఊహించుకోండి, పేపరంతా గ్రాంథికం, బజారంతా మాండలికం. అలా ఉంటుంది పరిస్థితి. మంత్రి ప్రసంగం మాత్రమే అర్థమైనవాడికి ఆ ప్రసంగం విని టీకొట్టు దగ్గర జనం ఏమనుకుంటున్నారో తెలీదు.

మరి మన సంగతి? రైతు, జిల్లా, హక్కు, వసూలు, జప్తు... ఇవన్నీ అరబిక్ మూలం ఉన్న మాటలే. హైదరాబాదులో 1888లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ అరుదైన అరబిక్ వ్రాతప్రతుల్ని పరిష్కరించి అచ్చువేసి ప్రపంచ పండితుల దగ్గర పేరు తెచ్చుకుంది. ఢిల్లీలో 1955లో పెట్టిన అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు 1970లో జె.ఎన్.యు.లో కలిసింది. అక్కడ అరబిక్ కూడా చెబుతారు, కానీ వేరే స్కూల్లో. విదేశాంగ సర్వీసుకి ఎంపికైన కొద్దిమందికి ప్రభుత్వమే అరబిక్ నేర్పిస్తుంది. ఆ కొద్దిమందితో సరిపోతుందా అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే మనకి గల్ఫ్ అంటే పేపర్లో విదేశీ వార్త కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో ఊరూరా అక్కడ పనిచేసేవాళ్ళున్నారు. ఒప్పందం అరబిక్‌కీ ఇంకో భాష కాపీకీ తేడా వస్తే అరబిక్ పాఠమే చెల్లుతుందని యు.ఎ.ఇ. 1980 నాటి కార్మిక చట్టంలో రాసుకుంది. ఆ తర్వాత కొత్త చట్టం వచ్చినా అక్కడి మామూలు కోర్టుల భాష అరబిక్కే. అంటే మనవాడు చదవలేని కాగితమే మనవాడి జీతాన్నీ, సెలవునీ, తిరుగు ప్రయాణాన్నీ నిర్ణయిస్తుంది.

వంద మంది కుర్రాళ్ళు జావా నేర్చుకునే చోట, ఒక్కరు అరబిక్‌తో పాటు చట్టాలూ, ఒప్పందాలూ, దేశాల మధ్య రాజకీయాలూ చదివితే నష్టమేం లేదు. షరీఫ్ హుసేన్‌కి ఒక్క "విలాయత్" ఎంత పని చేసిందో చూశాం కదా. ఆ స్థాయిలో కాకపోయినా, అలాంటి మాటలున్న కాగితాల మీద మన ఊళ్ళవాళ్ళు రోజూ వేలిముద్రలు వేస్తున్నారు.