ఆకాశంలో మెరిసిన అద్దాలు

పొద్దుగూకాక డాబా మీద మంచం వాల్చుకునే అలవాటున్న మనలో కొందరైనా ఈ వింత చూసే ఉంటారు. మామూలు చుక్కలా మెల్లగా కదిలే వెలుగు ఉన్నట్టుండి శుక్రుణ్ణి మించి మెరిసి, కొన్ని సెకన్లలో మసకబారేది. అది ఉల్క కాదు, విమానమూ కాదు. దాని కథ ఇది.

భూమి మీద ఏ మూల నుంచైనా ఫోనులో మాట్లాడే ఏర్పాటును అమెరికాలోని మోటరోలా సంస్థ తలపెట్టింది. అందుకు 77 ఉపగ్రహాలు కావాలని మొదట లెక్క వేశారు. ఇరిడియం లోహం పరమాణు సంఖ్య 77 గనుక ఆ పేరే పెట్టారు. తరువాత 66 చాలునని తేలినా పేరు మారలేదు. 1997 మే 5న మొదటి ఐదు పైకి వెళ్లాయి.

780 కి.మీ. ఎత్తున తిరిగే ఒక్కొక్కదానికి తలుపు రెక్కంత ఆంటెన్నాలు మూడు. నున్నని వెండిపూత వల్ల అవి సూర్యకాంతిని నేల మీదికి మళ్లించేవి, పిల్లలు అద్దంతో ఎండను గోడ మీద ఆడించినట్టు. ఇంజనీర్లు కోరి చేసింది కాదిది. అయినా కక్ష్య, ఆంటెన్నా వంపు తెలుసు గనుక, ఏ ఊళ్లో ఏ నిమిషానికి మెరుస్తుందో గ్రహణంలా ముందే చెప్పగలిగేవారు.

1998 నవంబరు 1న సేవలు మొదలయ్యాయి. ఫోను బరువు, ఖరీదు ఎక్కువ, చందాదారులు తక్కువ. 1999 ఆగస్టులోనే కంపెనీ దివాలా తీసింది. ఉపగ్రహాలన్నిటినీ దించి కాల్చివేయాలన్న ఆలోచన దాకా వెళ్లింది. 2000 చివరలో కొత్త యజమానులు రెండున్నర కోట్ల డాలర్లకు కొనడంతో అవి బతికాయి. 2009 ఫిబ్రవరి 10న మాత్రం సైబీరియా మీద ఇరిడియం 33, మూలబడ్డ రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251 ఢీకొని తునాతునకలయ్యాయి.

2017 జనవరి నుంచి 2019 జనవరి వరకు కొత్తతరం ఉపగ్రహాలు 75 వెళ్లాయి. వాటికి ఆ అద్దాలు లేవు. పాతవి ఒక్కొక్కటే ఛార్జి అప్పగించాయి. చాలావరకు వాతావరణంలోకి దిగి కాలిపోయాయి. ఎనిమిదేళ్లకని తయారైన వాటిలో ఇరవై ఏళ్లు పనిచేసినవీ ఉన్నాయి.

వాటి ఉద్యోగం ఫోను మాటలు మోయడం. మనకు గుర్తుండిపోయింది మెరుపు. మన సర్వీసు సంగతీ అంతేనేమో! రాసిన ఫైళ్లు ఏ బీరువాలో ఉన్నాయో తెలియదు. దారిలో ఎవరికో చేసిన చిన్న మేలు మాత్రం వారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటూ ఉండవచ్చు.