శత్రువు పద్దులో దావీదు వంశం

యూదా రాజుకు పది సిలాల నూనె. అతడి అయిదుగురు కొడుకులకు కలిపి రెండున్నర సిలాలు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో బబులోను కోట గుమాస్తా మట్టిపలకపై రాసుకున్న బట్వాడా లెక్క ఇది. సిలా అంటే దాదాపు లీటరు, నూనె నువ్వులది. 1899 నుంచి 1917 వరకు రాబర్ట్ కోల్డెవే జరిపిన తవ్వకాల్లో ఇలాంటి పలకలు దొరికాయి. వాటిలో రాజు పేరున్న వాటిని చదివి ఎర్న్‌స్ట్ వైడ్నర్ 1939లో ప్రకటించాడు.

ఆ రాజు యెహోయాకీను. మత్తయి సువార్త వంశావళిలో యెకొన్యా అన్నది ఇతడినే. పద్దెనిమిదేళ్లకు సింహాసనమెక్కి మూడు నెలలు ఏలాడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడిస్తే తల్లితో సహా బయటికొచ్చి లొంగిపోయాడు.

క్రిస్మస్ రోజుల్లో మత్తయి మొదటి అధ్యాయం చదివేవాళ్లు ఈ పేర్ల దగ్గర గబగబా సాగిపోతారు. ఆగినా తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య దగ్గరే ఆగుతారు. ఆ నలుగురి గురించి ప్రసంగాలు చాలానే వచ్చాయి. నన్నడిగితే, ఆ పట్టికలో అసలు గండం యెకొన్యా దగ్గరే ఉంది.

దావీదు సింహాసనం ఎప్పటికీ నిలుస్తుందని దేవుడు నాతాను ప్రవక్త ద్వారా మాటిచ్చాడు. మెస్సీయ మీద ఇశ్రాయేలు పెట్టుకున్న ఆశకు ఆ మాటే ఆధారం. అదే దేవుడి పేరిట యిర్మీయా కఠినంగా పలికాడు: యెకొన్యా తన కుడిచేతి ముద్రటుంగరమే అయినా ఊడబెరికి పారేస్తాడట. ఇతణ్ణి సంతానహీనుడిగా రాయండి, ఇతడి సంతతిలో ఎవరూ దావీదు సింహాసనంపై కూర్చోరు అన్నాడు. ఇక వంశం ఎటు పోవాలి?

దినవృత్తాంతాలు మాత్రం ఇతడికి ఏడుగురు కొడుకుల్ని లెక్కిస్తాయి. బబులోను గుమాస్తాకు ప్రవచనాలతో పనిలేదు. నూనె పోయడానికి తలలు లెక్కపెట్టాడు, అంతే. దావీదు సంతతి బతికే ఉందని చెప్పే సాక్ష్యం అలా శత్రువు గిడ్డంగిలో మిగిలింది. చెరలో ముప్ఫై ఏడో ఏట బబులోను కొత్త రాజు ఎవీల్మెరోదకు యెకొన్యాను బందీఖానా నుంచి విడిపించి తన బల్ల దగ్గర భోజనం పెట్టించాడు. రాజుల రెండవ గ్రంథం ఆ భోజనంతోనే ముగుస్తుంది.

శాపం సంగతి తేల్చడానికి చాలామంది తలలు పట్టుకున్నారు. చెరలో పశ్చాత్తాపపడ్డాడు, శాపం తొలగింది అన్నారు తల్మూదు పండితులు. రెండో శతాబ్దపు ఇరేనియస్ వాదన వేరు: యేసు యోసేపుకు పుట్టినవాడైతే ఆ శాపం ఆయనకూ తగిలేది, కాబట్టి కన్య గర్భమే సత్యమన్నాడు. లూకా అయితే సొలొమోనును వదిలి దావీదు మరో కొడుకు నాతాను గుండా వంశాన్ని నడిపిస్తాడు. రెండు పట్టికలకూ పొత్తు కుదర్చడానికి జూలియస్ ఆఫ్రికానస్ మరిది ధర్మాన్ని, అంటే చనిపోయిన అన్న పేరిట తమ్ముడు సంతానం కనే ఆచారాన్ని, అడ్డంపెట్టాడు. తెలివైన సమాధానమే, కానీ లెక్క సరిచేసినంత మాత్రాన కథ అర్థంకాదు.

నాకు హగ్గయి మాటే బలంగా తోస్తుంది. క్రీ.పూ. 520లో, పారసీక రాజు దర్యావేషు ఏలుబడి రెండో ఏట, యెకొన్యా మనవడు జెరుబ్బాబెలుతో దేవుడు నిన్ను ముద్రటుంగరంగా చేస్తాడన్నాడు. తాత విషయంలో ఊడబెరికిన ఉంగరమే మనవడి దగ్గరికి తిరిగొచ్చింది. కిరీటం మాత్రం రాలేదు. జెరుబ్బాబెలు పారసీకుల కింద అధికారి మాత్రమే. ఆలయం పని మొదలుపెట్టించాక చరిత్రలో మరి కనిపించడు.

రక్షణ ప్రణాళిక సింహాసనాన్ని దాటి ముందుకు సాగింది ఇక్కడే. మత్తయి కూడా తన పట్టికను అబ్రాహాము, దావీదు, బబులోను చెర అనే మలుపుల దగ్గర విరిచాడు. దేశం కోల్పోయిన అవమానానికి దావీదు పక్కనే చోటిచ్చాడు. జెరుబ్బాబెలు తర్వాత అబీహూదు నుంచి యాకోబు దాకా తొమ్మిది పేర్లు చెబుతాడు. వారిలో ఎవరి కథా పాత నిబంధనలో లేదు. ఒక్కరూ ఏలలేదు. ఆ యాకోబు కొడుకు యోసేపు, నజరేతులో వడ్రంగి.