ట్రాక్టరు ఎక్కిన చోటే పని మొదలు: మిర్చి కూలీల ప్రమాద పరిహారం

పని ప్రమాదాల మీద మన న్యాయ వ్యాసాలు చాలావరకు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి రావు. బాయిలరు పేలితే యజమాని ఎవరో అందరికీ తెలుసు. తిరువూరు ప్రాంతంలోని నెమలి వైపు మిర్చి కోతల రోజుల్లో కూలీలతో వెళ్లే ట్రాక్టరు బోల్తా పడితే మాత్రం అది వట్టి రోడ్డు ప్రమాదమైపోతుంది. చేను ఆసామి ఊసే ఉండదు.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ఏఎమ్మార్పీ ప్రాజెక్టు కాలవలో ట్రాక్టరు పడి తొమ్మిదిమంది ఆడకూలీలు చనిపోయారు. మిర్చి ఏరడానికి పడమటితండా నుంచి బయల్దేరినవాళ్లు. వాళ్లింకా చేనుకు చేరలేదు కాబట్టి పనిలో లేరనేది పాఠ్యగ్రంథాల వాదన. దానికి ఆధారం సౌరాష్ట్ర ఉప్పు కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1958లో ఇచ్చిన తీర్పు. పడవ మునిగి చనిపోయిన ఉప్పు కార్మికులకు అందులో పరిహారం దక్కలేదు.

ఆ తీర్పును వల్లించేవాళ్లు పడవ ఎవరిదని అడగరు. అది ఊరందరూ ఎక్కే రేవు పడవ. మిర్చి కూలీల ట్రాక్టరు అలాంటిది కాదు: ఆసామి పంపుతాడు, లేదా ఆసామి మాట మీద కూలీలను కూడగట్టే మేస్త్రీ మాట్లాడతాడు. తెల్లవారుజామున రచ్చబండ దగ్గర దాన్ని ఎక్కని మనిషికి ఆ రోజు కూలి లేదు.

2025 జూలైలో దైవశాల కేసులో సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్తూ 2003లో దారిలో చనిపోయిన కాపలాదారు కుటుంబానికి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కిందే పరిహారం దక్కింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ రాకపోకల ప్రమాదాన్ని నేరుగా చేర్చింది. దినకూలీలను పక్కనపెట్టే మినహాయింపు 2000 సవరణతోనే పోయింది. మేస్త్రీని అడ్డుపెట్టుకున్నా కుదరదు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీకి అసలు యజమానే ముందు చెల్లించాలి, తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు. సేద్యంలో ఈ చట్టం యంత్రాలతో చేసే పనికే వర్తిస్తుంది కాబట్టి, కోత చేతిపనే గాని యంత్రసేద్యం కాదన్న అభ్యంతరం ఒకటుంది. రచ్చబండ దగ్గరికి వచ్చిన ట్రాక్టరే దానికి జవాబు.

లెక్క చూస్తే పేచీ ఎందుకో అర్థమవుతుంది. నెలకు 9,000 రూపాయలు సంపాదించే నలభై ఏళ్ల మనిషి చనిపోతే, అందులో సగాన్ని చట్టం ఆ వయసుకు పెట్టిన 184.17తో హెచ్చించాలి: 8,28,765 రూపాయలు. నెలలోగా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. ఎక్స్‌గ్రేషియా దయ, ఈ పరిహారం బాకీ. ప్రయాణానికీ పనికీ ముడి ఉందని తేలితే, కూలీల కోసం ట్రాక్టరు పంపిన ఆసామి ఈ బాకీకి బాధ్యుడే.

ఇక రుజువు. చేనుకు మస్టరు ఉండదు. మేస్త్రీ జేబులోని చిన్న పుస్తకంలో మాత్రం ఎవరెవరు ఎక్కారో, ఏ చేనుకో, ఎంత బయానా ఇచ్చారో పెన్సిలుతో రాసి ఉంటుంది. పరిహారం తేల్చే అధికారి ముందు మొదట పెట్టాల్సిన కాగితం అదే.