షూమన్ సింఫనీలు (సవాలిష్ రికార్డింగు, 1972)

జర్మన్ రొమాంటిక్ స్వరకర్త రాబర్ట్ షూమన్ (1810–1856) నాలుగు సింఫనీలను వోల్ఫ్‌గాంగ్ సవాలిష్ నిర్వహణలో డ్రెస్డెన్ స్టాట్స్‌కాపెల్లె వాద్యబృందం వాయించిన రికార్డింగు. 1972 సెప్టెంబరులో, నాటి తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో, లూకాస్ చర్చిలో రికార్డు చేశారు. ఈఎంఐ సంస్థ విడుదల చేసింది.

షూమన్‌కు వాద్యాల కూర్పు చేతకాదని, తీగవాద్యాలూ గాలివాద్యాలూ ఒకే స్వరాన్ని మోయడంతో నాదం మొద్దుబారుతుందని చాలాకాలం నింద ఉండేది. స్వరకర్త గుస్తావ్ మాలర్ ఆ కూర్పును సవరించి మరీ వాయించాడు. సవాలిష్ అలాంటి సవరణల జోలికి పోలేదు. అయినా హార్న్‌లు, టింపనీ డోళ్లు వయొలిన్ల మధ్య నుంచి స్పష్టంగా వినిపిస్తాయి. లోపం షూమన్ రాతలో లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఈ నాలుగింటిలో రెండో సింఫనీని షూమన్ 1845–46లో, అనారోగ్యం నుంచి కోలుకుంటూ, డ్రెస్డెన్‌లోనే రాశాడు. దాని షెర్ట్జోలో, అంటే చురుకైన వేగంతో సాగే భాగంలో, వయొలిన్లు ఎంత వేగంగా పరుగెత్తినా స్వరం చెదరదు. మొత్తంలో మేలైన భాగం అదే.