కర్మన్‌ఘాట్: జనాభా, ఆదాయం, సామాజిక కూర్పు

కర్మన్‌ఘాట్ తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా సరూర్‌నగర్ మండలానికి చెందిన పూర్వ గ్రామం, నేటి హైదరాబాద్ తూర్పు శివారు నివాస ప్రాంతం. ఇక్కడి ధ్యానాంజనేయస్వామి ఆలయాన్ని 12వ శతాబ్దంలో కాకతీయ రెండవ ప్రోలరాజు కట్టించాడని స్థలపురాణం. మంగళ, శనివారాల్లో భక్తుల రద్దీ ఎక్కువ. పూలు, కొబ్బరికాయల అంగళ్లకు ఆ రెండు రోజులే ప్రధాన బేరం.

కర్మన్‌ఘాట్ భాగంగా ఉన్న ఎల్బీనగర్ మున్సిపాలిటీ జనాభా 2001లో 2.6 లక్షలు దాటింది. 2007 ఏప్రిల్‌లో అది జీహెచ్‌ఎంసీలో విలీనమైంది. సాగర్ రోడ్డు, విజయవాడ రహదారి అందుబాటులో ఉండడంతో నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ ప్రాంతాల కుటుంబాలు ఈ శివారులో స్థిరపడ్డాయి. కంచన్‌బాగ్‌లోని రక్షణ సంస్థలు, మిశ్రలోహాల కర్మాగారం మిధాని సమీపంలో ఉండడం జీతగాళ్ల నివాసానికి అనుకూలించింది. ఊరి బతుకుతెరువు సేద్యం నుంచి జీతం, వ్యాపారం, ఇంటి అద్దెల వైపు మళ్లింది. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్–అమీర్‌పేట మెట్రో ప్రారంభమైంది.

ఇక ఆదాయం సంగతికి వస్తే, భారత జనగణన కుటుంబ ఆదాయాన్ని నమోదు చేయదు. ఇంటి కప్పు, తాగునీరు, వాహనం, బ్యాంకు ఖాతా వంటి వివరాలే ఆర్థిక స్థితికి సూచికలు. అందులో జాతి (రేస్) వర్గీకరణా లేదు. సామాజిక కూర్పుకు కులం, మతం, భాషలే ఆధారం.  అయితే అన్ని కులాల లెక్కలు జనగణనలో చివరిసారి వెలువడింది 1931లో. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 6న సమగ్ర ఇంటింటి సర్వే ప్రారంభించింది. 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన ఫలితాల ప్రకారం రాష్ట్రంలో వెనుకబడిన తరగతులు 56.33, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతం.